హెలికాప్టర్ దిగే చోటుకు ఒక కాగితం

హైదరాబాద్ శివారులోని మా అన్నోజిగూడ అక్షాంశం సుమారుగా 17.43, రేఖాంశం 78.66. ఫోన్‌లో మ్యాప్ తెరిచి వేలు నొక్కి పట్టుకుంటే ఈ తీరు అంకెలే వస్తాయి. వీటిని ఎవరో ఒక హెలికాప్టర్ పైలట్‌కు ఫోన్‌లో చదివి వినిపించారనుకోండి. పైలట్లకు డిగ్రీలు, నిమిషాలు, సెకన్ల లెక్క అలవాటు. చెప్పేవారు తొందరలో "పాయింట్" అనే మాట మింగేసి "పదిహేడు, నలభై మూడు" అన్నారంటే అవతల కాగితం మీద 17 డిగ్రీల 43 నిమిషాలు పడుతుంది. 17.43 డిగ్రీలంటే నిజానికి 17 డిగ్రీల 25 నిమిషాల 48 సెకన్లు. తేడా 17 నిమిషాల పైచిలుకు. నేల మీద కొలిస్తే అది 30 కిలోమీటర్లు దాటుతుంది. పోచారం ఇన్ఫోసిస్ దగ్గర దిగవలసిన హెలికాప్టర్ ఉత్తరాన సిద్దిపేట జిల్లా వైపు పోయి చక్కర్లు కొడుతుంది.

మా ఊరి రేఖాంశం మాత్రం కొంత ఆదుకుంటుంది. 78.66ను 78 డిగ్రీల 66 నిమిషాలు అని రాస్తే పైలట్ అక్కడే ఆగిపోతాడు. 60 నిమిషాలకే డిగ్రీ నిండుతుంది కదా, 66 ఎక్కడిది? ఉప్పల్ రింగురోడ్డుకు ఆ అదృష్టం లేదు. అక్కడ రేఖాంశం 78.56. యాభై ఆరు నిమిషాలు చెల్లుబాటయ్యే అంకె. తప్పు పడినా తప్పులా కనిపించదు.

హెలికాప్టర్లు దిగే చోట్లకు పటాలు ఎలా ఉండాలి, అవన్నీ ఒకే పద్ధతిలో ఎందుకు ఉండాలి అన్నది ఈ ప్రసంగం విషయం. వినడానికి మనకు సంబంధం లేని సంగతిలా ఉంటుంది. కానీ ఎన్నికలొస్తే మన జూనియర్ కాలేజీ గ్రౌండ్లలో రోజుకొకటి దిగుతుంది. మేడారం జాతరకు భక్తులను హెలికాప్టర్లో తీసుకుపోయారు. వరదలొస్తే గోదావరి లంకల్లో ఇళ్ల కప్పుల మీది జనాన్ని ఎత్తుకొచ్చేది అదే. విమానం మన దగ్గరికి రాదు, మనమే దాని దగ్గరికి పోవాలి. హెలికాప్టర్ మన చేను గట్టు దాకా వస్తుంది. అందుకే దాని పటంలో ఏముండాలన్నది చేను గట్టు దాకా తెలియవలసిన విషయం.

విమానాల పటాలకు ప్రపంచమంతా ఒకే రివాజు ఉండాలని 1944లో షికాగోలో దేశాలు కూర్చున్నప్పుడే అనుకున్నాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1948లో ఆ నియమాలను తెచ్చింది. వాటిని నాలుగో అనుబంధం అంటారు. ఏ గుర్తుకు ఏ అర్థం, ఏ ఎత్తును ఎక్కడ రాయాలి, ఉత్తరాన్ని ఎలా చూపాలి, అన్నీ అందులో ఉన్నాయి. హెలిపోర్టులు ఎలా కట్టాలో చెప్పే పద్నాలుగో అనుబంధం రెండో సంపుటం మాత్రం 1990 దాకా రాలేదు. నడుమ నలభై రెండేళ్లు. హెలికాప్టర్ ఎక్కడైనా దిగగలదు, దానికి కొలతలెందుకు అన్న ధీమాతోనే ఆ కాలమంతా గడిచిందని నాకనిపిస్తుంది. ఆ ధీమా మన దగ్గర ఇంకా పోలేదు.

పటాల మాట వచ్చింది కనుక మన ఉప్పల్ గురించి చెప్పుకోకపోతే తప్పు. సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉన్నది ఇక్కడే. 1960లలో ఐక్యరాజ్యసమితి సాయంతో మొదలైంది. చాలాకాలం ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సర్వేయింగ్ అండ్ మ్యాపింగ్ అన్నారు, ఇప్పుడు పేరు మారింది. దేశంలో నేల కొలిచేవాళ్లు ఎందరో ఇక్కడ చదువుకున్నవాళ్లే. ఇంకా వెనక్కి పోతే, దేశాన్ని త్రిభుజాలుగా కొలుచుకుంటూ మద్రాసు నుంచి ఉత్తరానికి నడిచిన లాంబ్టన్ దొర దగ్గరికి జార్జ్ ఎవరెస్ట్ సహాయకుడిగా వచ్చి చేరింది 1818లో, ఈ హైదరాబాద్‌లోనే. హిమాలయ శిఖరానికి పేరిచ్చిన ఆ ఎవరెస్టే భూమి ఆకారానికి ఒక లెక్క కట్టాడు. మన పాత టోపోషీట్లన్నీ ఆ లెక్క మీదే గీశారు.

చిక్కు అక్కడే ఉంది. ఫోన్లలో, హెలికాప్టర్లలో ఉండే జీపీఎస్ వాడేది ఎవరెస్ట్ లెక్క కాదు, డబ్ల్యూజీఎస్ 84 అనే మరో లెక్క. 1998 జనవరి 1 నుంచి విమానయానంలో అందరూ దాన్నే వాడాలని నియమం. ఒకే వేపచెట్టుకు పాత షీటు మీద చదివిన అక్షాంశ రేఖాంశాలు, ఫోన్ చూపే అక్షాంశ రేఖాంశాలు కలవవు. మన ప్రాంతంలో ఆ తేడా వంద మీటర్లకు పైనే. పొలం హద్దు తగాదా అయితే తహసీల్దార్ ఆఫీసులో తేలుతుంది. రాత్రిపూట దిగే హెలికాప్టర్‌కు వంద మీటర్లు పక్కన ఉన్నది కరెంటు లైను కావచ్చు. కాబట్టి అంకెలు ఇస్తే చాలదు, అవి ఏ లెక్కవో కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

ఎత్తుల సంగతి ఇంతకంటే చిక్కు. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి 1742 అడుగుల ఎత్తున ఉంది, శంషాబాద్ 2024 అడుగులు. "టవర్ ఎత్తు 150" అని రాస్తే అది మీటర్లా, అడుగులా, నేల నుంచా, సముద్రమట్టం నుంచా? "2000 అడుగుల్లో రండి" అని ఎవరైనా శంషాబాద్‌లో అంటే, సముద్రమట్టం లెక్కన అది రన్‌వేకు 24 అడుగుల కింద, మట్టిలో ఉంటుంది. పైలట్లు ఇలాంటివి వెంటనే పట్టేస్తారు, నిజమే. కానీ పట్టుకోవడానికి వాళ్లకు తీరిక ఉన్నప్పుడు.

సరే, ఇప్పుడు అన్నోజిగూడను పైనుంచి చూద్దాం. బేగంపేట నుంచి తూర్పుకు బయలుదేరిన పైలట్‌కు మంచి ఆనవాళ్లు చాలా ఉన్నాయి. ఉప్పల్ స్టేడియం, వరంగల్ హైవే, దానికి ఎడమ పక్కన కాజీపేట పోయే రైలుమార్గం, చర్లపల్లి వైపు తెల్లటి ఆయిల్ ట్యాంకులు, పోచారం దగ్గర ఇన్ఫోసిస్ భవనాలు, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగురోడ్డు. ఇవన్నీ పెద్దవి, పటం లేకపోయినా కనిపించేవి. కనిపించనిది ఒకటుంది. ఘనాపూర్ సబ్‌స్టేషన్ వైపు పోయే హైటెన్షన్ తీగలు. కింద నిలబడి చూస్తే ఆకాశం మీద నల్లగా గీసినట్టుంటాయి. పైనుంచి చూస్తే వెనక ఉన్నది ఎర్రమట్టి, తుమ్మచెట్లు, కొత్తగా వేసిన ప్లాట్ల రోడ్లు. తీగ వాటిలో కలిసిపోతుంది. అందుకే అనుభవమున్న పైలట్ తీగ కోసం వెతకడు, స్తంభాల కోసం వెతుకుతాడు. దాటక తప్పకపోతే రెండు టవర్ల నడుమ నుంచి కాకుండా టవర్ నెత్తి మీదుగా దాటుతాడు. టవర్ కంటికి ఆనుతుంది, తీగ ఎంత వేలాడుతోందో ఆనదు.

2025 మే 8న ఉత్తరాఖండ్‌లో గంగోత్రి యాత్రికులతో పోతున్న బెల్ 407 హెలికాప్టర్ గంగ్నానీ దగ్గర కూలి ఆరుగురు పోయారు. చనిపోయినవారిలో మన అనంతపురం ప్రాంతపు ఆవిడ కూడా ఉన్నారు. రోడ్డు మీద దించబోతుంటే రోటర్ రెక్క పైన వేలాడే ఫైబర్ కేబుల్‌కు తగిలిందని దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదికలో రాసింది. హైటెన్షన్ లైన్ కూడా కాదు, ఇంటర్నెట్ తీగ. మన కాలనీల్లో స్తంభం నుంచి స్తంభానికి కట్టలు కట్టలుగా వేలాడేవి అలాంటివే. వాటిని ఏ పటంలో ఎవరు గీస్తారు?

దిగే చోటు చుట్టూ ఎంత ఎత్తున ఏముండవచ్చో అంతర్జాతీయ నియమం ఒక వాలుతో చెబుతుంది. ఇంజన్ ఒకటి ఆగినా క్షేమంగా దిగవలసిన పెద్ద హెలికాప్టర్లకు ఆ వాలు నాలుగున్నర శాతం. దిగే చోటు అంచు నుంచి వంద మీటర్ల దూరంలో నాలుగున్నర మీటర్ల కంటే పొడుగైనది ఏదీ ఉండకూడదు. ఇరవై మీటర్ల తాటిచెట్టు ఉందంటే అది దాదాపు 450 మీటర్ల అవతల ఉండాలి. నియమాల్లో మరో తరగతికి వాలు పన్నెండున్నర శాతం, దాని ప్రకారం అదే తాటిచెట్టు 160 మీటర్ల దూరంలో ఉన్నా చాలు. అయితే ఈ వాలు నాలుగు దిక్కులా అక్కరలేదు. వచ్చే దారిలో, పోయే దారిలో ఉంటే చాలు. అంటే ఏ దిక్కు ఖాళీగా ఉందో చెప్పగలిగితే మామూలు స్కూల్ గ్రౌండ్ కూడా పనికొస్తుంది. ఆ దిక్కు చెప్పడమే పటం పని.

నేల మీద గీసే హెచ్ అక్షరం కూడా ఆ పని చేస్తుంది. నియమం ప్రకారం అది కనీసం 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. నడిమి అడ్డగీత, పైలట్ వచ్చే దారికి అడ్డంగా ఉండాలి. నిలువు గీతలు ఎటు చూస్తుంటే అటు నుంచి రావడం మేలని పైలట్ చదువుకుంటాడు. ఆస్పత్రి హెలిప్యాడ్ అయితే తెల్లటి శిలువ గుర్తు మీద ఎర్ర హెచ్. మన సభల దగ్గర సున్నంతో గీసే హెచ్‌ను గమనించండి. చాలాసార్లు అది గాలి వైపో, చెట్లు లేని వైపో చూడదు, వేదిక వైపు చూస్తుంది. ఫొటోలో చక్కగా పడుతుంది మరి.

హెలికాప్టర్ కింద పుట్టే గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2022 మార్చిలో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో డెరిఫోర్డ్ ఆస్పత్రి హెలిప్యాడ్ మీద ఒక పెద్ద రక్షక హెలికాప్టర్ దిగుతుంటే, ఆ గాలి తోపుకు పక్కన కార్ల పార్కింగులో ఉన్న ఒక వృద్ధురాలు పడిపోయి ప్రాణం పోగొట్టుకుంది. హెలిప్యాడ్ నిక్షేపంగా ఉంది, దాని పక్కన ఏముందన్నదే సమస్య. మన నాచారం పారిశ్రామికవాడలో రేకుల షెడ్లు చూడండి. మేకులు వదులైన ఒక్క రేకు లేస్తే ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు?

మన రాష్ట్రాల చరిత్రలో రెండు తేదీలను తెలుగువాళ్లెవరూ మరచిపోలేరు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి హైదరాబాద్‌కు వస్తుండగా, అప్పటి కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర ఆయన హెలికాప్టర్ కొబ్బరిచెట్టుకు తగిలి చేపల చెరువుల మధ్య కూలింది. కొల్లేటి అంచున ఆకాశం నుంచి ఏది నేలో, ఏది నీరో తెలియడం ఎంత కష్టమో ఆ దారిన బస్సులో పోయినవాళ్లకూ తెలుసు. 2009 సెప్టెంబరు 2 ఉదయం 8:38కి బేగంపేటలో లేచిన బెల్ 430, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో చిత్తూరు జిల్లాకు పోతూ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలిపోయింది. ఆయనతోపాటు కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్లు ఎస్.కె. భాటియా, ఎం.ఎస్. రెడ్డి మరణించారు.

ఆ ప్రమాదానికి దిగే చోటు కారణం కాదు, పటం కూడా కాదు. మేఘాలు, గాలి, కొండ. కానీ దర్యాప్తు నివేదికలో ఒక సంగతి నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ గురించి ఏం చేయాలో చెప్పే పేజీ ఎక్కడుందో అని పైలట్లు పుస్తకంలో వెతుకుతూ కొన్ని విలువైన నిమిషాలు గడిపారని అందులో ఉంది. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లు. పటాలకు ఒకే రూపం కావాలనడంలో నా ఆరాటమంతా దీని నుంచే వచ్చింది. ఫలానా సంగతి కాగితంలో ఫలానా మూలనే ఉంటుందని చేతికి తెలిసిపోవాలి. వెతుక్కోవలసి వచ్చిందంటే ఆ కాగితం ఉన్నా లేనట్టే.

శాశ్వత హెలిపోర్టులకు ఈ ఏర్పాటు ఉంది. ఏఏఐ పేరుతో మనకు తెలిసిన విమానాశ్రయాల ప్రాధికార సంస్థ దేశమంతటికీ సమాచార సంపుటి ప్రచురిస్తుంది. అందులో విమానాశ్రయాలకొక విభాగం, హెలిపోర్టులకొక విభాగం. మార్పులు ప్రతి 28 రోజులకు, అది కూడా గురువారం నాడే అమల్లోకి వస్తాయి. ప్రపంచమంతటా అదే గురువారం. అర్ధాంతరంగా వచ్చే సంగతులకు నోటామ్ అనే తాఖీదులుంటాయి. ఇంత ఉన్నా గ్యారంటీ లేదు. 2013 జనవరి 16న లండన్ వాక్స్‌హాల్ దగ్గర పొగమంచులో ఒక హెలికాప్టర్ భవన నిర్మాణపు క్రేన్‌కు తగిలి కూలింది. పైలట్‌తోపాటు కింద నడుస్తున్న మనిషి కూడా చనిపోయాడు. ఆ క్రేన్ గురించి నోటామ్ ముందే ఇచ్చి ఉన్నారు.

మన ఊళ్లలో ఆ మొదటి మెట్టూ లేదు. మన హెలికాప్టర్లు ఎక్కువసార్లు దిగేది ఒక పూట బతికే హెలిప్యాడ్ మీద. ఇరవై ఎనిమిది రోజుల పద్ధతి దాన్ని అందుకోలేదు. ముందురోజు సాయంత్రం ఏం జరుగుతుందో చెప్తాను. ఆర్ అండ్ బి ఏఈ గారు గ్రౌండ్‌లో నిలబడి మండల సర్వేయర్‌కు ఫోన్ చేస్తారు.

"లొకేషన్ వాట్సాప్‌ల పంపిన సార్."

"వచ్చింది గని, పైలట్‌కు అంకెలు గావాల్నంట. డిగ్రీల్ల రాసిస్తవా, నిమిషాల్లనా?"

"మా ఫోన్‌ల ఎట్లొస్తే అట్లనే సార్."

అవతల ట్యాంకర్ దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతుంటుంది. కర్రలు పాతి బారికేడ్లు కడుతుంటారు. ఫైరింజన్ వస్తుంది. గాలి దిక్కు చూపడానికి పొగ డబ్బా సిద్ధం చేస్తారు. అందరూ తమ తమ పని చక్కగానే చేస్తారు. మర్నాడు హెలికాప్టర్ దిగి, లేచిపోతుంది. సున్నం గీతలు వానకు కొట్టుకుపోతాయి. ఆ గ్రౌండ్‌కు దక్షిణాన 11 కేవీ లైన్ ఉందని, పడమటి గోడ దాటగానే సెల్ టవర్ ఉందని ఆ రోజు తెలుసుకున్న సంగతులు కూడా వాటితోనే పోతాయి. ఐదేళ్ల తర్వాత అదే గ్రౌండ్‌లో కొత్త ఏఈ, కొత్త సర్వేయర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు.

కేంద్ర పౌర విమానయాన శాఖ ఈ లోటును గుర్తించలేదని అనలేం. 2021 అక్టోబరులో డెహ్రాడూన్ సదస్సులో జిల్లా యంత్రాంగాల కోసం "హెలి దిశ" అనే మార్గదర్శిని, అనుమతుల కోసం "హెలి సేవ" పోర్టల్ తెచ్చింది. 2023లో ఏఏఐ, ఇస్రో కలిసి నిర్మించిన గగన్ ఉపగ్రహ వ్యవస్థ సాయంతో జుహూ నుంచి పుణెకు హెలికాప్టర్‌ను నడిపి చూపారు. ఆకాశంలో ఒక బిందువు దాకా ఉపగ్రహం తెచ్చి వదులుతుంది, అక్కడి నుంచి పైలట్ కళ్లతో చూసి దిగాలి. మంచి పద్ధతే. కానీ ఆ ఆఖరి కిలోమీటరులోనే తీగలూ తాటిచెట్లూ ఉంటాయి. ఉపగ్రహానికి అవి పట్టవు.

నేనడిగేది చిన్న పని. మండలానికి రెండో మూడో గ్రౌండ్లు ఎంచి, ఒక్కోదానికి ఒకే ఒక్క పుట. రాష్ట్రమంతటా ఒకే నమూనా. పైన ఎడమ మూలన డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో అక్షాంశ రేఖాంశాలు, పక్కనే డబ్ల్యూజీఎస్ 84 అన్న మాట. దాని కింద నేల ఎత్తు, సముద్రమట్టం నుంచి అడుగుల్లో. నడుమ గ్రౌండ్ బొమ్మ, ఉత్తరం పైకి. ఎంత పెద్ద హెలికాప్టర్ పడుతుందో దాని రోటర్‌తో సహా మొత్తం పొడవు. రాదగిన దిక్కు బాణంతో. చుట్టూ కిలోమీటరు లోపల స్తంభాలు, టవర్లు, చెట్లు, ఒక్కోదాని ఎత్తు. తీగ ఎటు నుంచి ఎటు పోతోందో గీత. దగ్గరి ఆస్పత్రి. చివర, చూసిన తేదీ, చూసినవారి సంతకం. తేదీ లేని పటాన్ని పైలట్ నమ్మడు, నమ్మకూడదు కూడా.

గీయడం ఒక్కరోజు పని. మార్చడమే అసలు పని. మా వైపు ఆరు నెలల్లో ఖాళీ స్థలం అపార్ట్‌మెంట్ అవుతుంది, అపార్ట్‌మెంట్ మీద సెల్ టవర్ మొలుస్తుంది. పూర్వం ఏటా జమాబందీ అని ఉండేది. ఊరి లెక్కలన్నీ అధికారి ముందు పరిచి సరిచూసేవాళ్లు. ఈ పుటకు కూడా అలాంటి రోజొకటి కావాలి. వానాకాలం ముందు, మే నెలలో, వరదలకు అసలు అవసరం రాకముందే. సర్వేయర్, కరెంటు లైన్‌మన్ ఇద్దరూ కలిసి గ్రౌండ్ చుట్టూ నడవాలి. కొత్త తీగ ఎక్కడ పడిందో సర్వేయర్ కంటే లైన్‌మన్‌కే బాగా తెలుసు. ఇప్పటి ఏర్పాట్లలో అతని సంతకం ఎవరూ అడగడం లేదు.